తూమా, కాలువా?

సందేహం: మా అమ్మ గుండెనొప్పికి వాడే నికోరాండిల్ గురించి ఒక పత్రికలో ‘పొటాషియం కాలువలను తెరిచే మందు’ అనీ, మరోచోట ‘పొటాషియం మార్గ ఉద్ఘాటకం’ అనీ చదివాను. మందుల దుకాణంలో మాత్రం ‘పొటాషియం మందు’ అన్నారు. ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ముందు మూడో మాటను పక్కన పెడదాం. నికోరాండిల్‌లో పొటాషియం లేదు; కణపు పొరలో పొటాషియం అయాన్లు దాటే దారిని అది తెరుస్తుంది. నడుమనున్న ‘కాలువలను తెరిచే’ అన్నదాన్ని మింగేసి ‘పొటాషియం మందు’ అంటే, రక్తంలో పొటాషియం తగ్గినవారికి ఇచ్చే మందేమో అని విన్నవారు పొరబడతారు. మందుల విషయంలో అంతటి పొదుపు తగదు. ‘ఉద్ఘాటకం’ అన్నదానికి సంస్కృతంలో తెరిచేది అనే అర్థం ఉన్నా, ‘మంత్రి ఉద్ఘాటించారు’ అని రోజూ చదివే తెలుగువారికి అది తోచదు.

ఇక అయాన్లు దాటే ఆ దారికి ఇంగ్లీషులో ఉన్న పేరు ‘ఛానల్’. దాన్ని తెలుగులో ఏమనాలి? ప్రణాళి, ప్రణాళిక అంటే నిజానికి నీరు పోయే దారి. రక్తనాళంలోని నాళానికి అది దగ్గరి చుట్టం. పంచవర్ష ప్రణాళికల నాటి నుంచి ఆ అర్థాన్ని మనమే చేజేతులా పోగొట్టుకున్నాం. ‘కాలువ’ తప్పు కాదు గాని, అది పారే చోటునే చెబుతుంది, తెరుచుకుని మూసుకునే గుణాన్ని చెప్పదు. ఆ గుణం ఉన్న మాట తూము. తమిళంలో తూంబు, కన్నడంలో తూబు. లోపల బోలుగా ఉండే గొట్టం అనే అర్థం ఆ మాటలోనే ఉంది. కణపు పొరలోని ఆ ప్రొటీను కూడా అటువంటి బోలు దారే. (నాలుగు కుంచాల తూము ధాన్యపు కొలత; దాని సంగతి వేరు.)

పాకాల, రామప్ప చెరువుల నీళ్లు పారే నేలలో ఈ మాట ఎవరికీ నేర్పనక్కరలేదు. పాత చెరువుల్లో కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలిచి ఉంటాయి. వాటి నడుమ నిలువు కర్ర, దాని కొసన బిరడా. నీరడి ఆ కర్రను పైకెత్తితే నీళ్లు కదులుతాయి. రక్తనాళపు గోడలోని కండర కణంలో మందు చేసే పని కూడా ఇటువంటిదే: పొటాషియం తూము తెరుచుకుని పొటాషియం బయటికి పోతే, కణం లోపలి విద్యుత్తు మరింత రుణం (మైనస్) వైపు జరుగుతుంది, దాంతో కాల్షియం లోపలికి వచ్చే తూములు మూతపడతాయి, కండరం సడలి నాళం వెడల్పవుతుంది. కణంలో ఏటీపీ అనే శక్తిపదార్థం తగ్గినప్పుడు తమంతట తామే తెరుచుకునే ఇటువంటి పొటాషియం తూములను గుండె కండరంలో 1983లో జపాను శాస్త్రవేత్త అకినోరి నోమా గుర్తించారు. నెత్తురు అందని వేళ గుండెకు అవి కొంత కాపుదల.

కాబట్టి సామాన్య పాఠకులకు రాసేటప్పుడు ‘పొటాషియం తూములను తెరిచే మందు’ అనడం నాకు ఇష్టం. వైద్యులు ‘ఛానల్’ అనే ఉంచుకుంటే కాదనను. ‘తెరిచే’ అన్నది మాత్రం వదలకూడదు: గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ ఆ జాతి తూముల్లో కొన్నింటిని మూస్తుంది.