కింది ఫ్లాట్‌లో చెమ్మ: టైల్స్ పగలగొట్టే ముందు

చి. సౌ. స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్‌కి చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి, వాళ్ళు మీ మీద కోపంగా ఉన్నారు, వచ్చిన ప్లంబరేమో కమోడ్ ఊడదీసి టైల్స్ మొత్తం పగలగొట్టాలన్నాడు. నువ్వెంత టెన్షన్ పడుతున్నావో ఫోన్లో నీ గొంతు వింటేనే అర్థమైంది. ఒక పది రోజులు మాత్రం ఎవరినీ సుత్తి పట్టుకోనివ్వకు. నీళ్ళు ఎక్కడినుంచి పోతున్నాయో ముందు తేలాలి, ఆ పని నువ్వే చేసుకోగలవు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనులు చూస్తూ ఇన్నేళ్ళలో నేను చూసిన లీకుల్లో చాలావాటికి టైల్ ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

అన్నిటికంటే ముందు, కింది వాళ్ళ సీలింగ్‌లో చెమ్మ లైటు పాయింటు దాకా వచ్చిందేమో కనుక్కో. వస్తే ఆ బాత్రూమ్ ఎంసీబీ, అంటే కరెంటు బోర్డులో దాని స్విచ్, ఆఫ్ చేసి ఉంచమను. అది ఈ రోజే చెప్పు.

ఇక పరీక్షలు. మొదట ఫ్లష్ ట్యాంకు చూడాలి. ట్యాంకులో ఆ నీలం రంగు టాబ్లెట్ ఏదైనా వేసి ఉంటే తీసేసి, రెండు మూడుసార్లు ఫ్లష్ చేసి నీళ్ళు తేరుకోనివ్వు. రాత్రి అందరూ పడుకునే ముందు మూత తీసి, వంటింట్లో ఉండే మిఠాయి రంగు చిటికెడు ట్యాంకు నీళ్ళలో కలుపు. ఫ్లష్ నొక్కకు. అరగంట ఆగి కమోడ్‌లో చూడు. రంగు దిగిందంటే ట్యాంకులోంచి నీళ్ళు కారుతున్నట్టే. ఈ లీకు చప్పుడు చెయ్యదు, కంటికీ ఆనదు. నీళ్ళు కమోడ్ గిన్నె లోపల, వెనక వైపు గోడ మీదుగా సన్నటి పొరలా జారిపోతుంటాయి, అంతే. చేతికి రంగు దొరక్కపోతే ఆ గోడను పొడిగా తుడిచి టిష్యూ కాగితం అంటించు. తడిస్తే అర్థమైపోతుంది.

ఇంత సన్నటి లీకుకి ఏమవుతుందిలే అనుకోకు. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు పోయినా రోజుకు 288 లీటర్లు, నెలకు 8,640 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు రెండు! హైదరాబాద్‌లో ఇంటికి నెలకు ఇచ్చే 20,000 లీటర్ల ఉచిత నీళ్ళలో ఐదింట రెండు వంతుల కంటే ఎక్కువే ఇలా డ్రైనేజీలో కలిసిపోతుంది. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురు చూసిన వాళ్ళకే ఈ బాధ తెలుస్తుంది. మీటరు చూసి కనిపెట్టొచ్చు కదా అంటావేమో. ఫ్లాట్‌కి విడిగా మీటరు ఉంటే సరే. లేకపోతే నీళ్ళు మీటరు దాటి సంపులోకి, అక్కడినుంచి మోటరుతో పైట్యాంకులోకి వెళ్తాయి కాబట్టి నీ బాత్రూమ్ సంగతి ఆ మీటరుకి పట్టదు.

రంగు దిగితే, లోపల ఏది పాడైందో తెలుసుకోవాలి. మూత తీసి, లోపల నిలబడి ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం చూడు. నీళ్ళు దాని అంచు దాటి లోపలికి పడుతుంటే, ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వ్ సరిగా మూసుకోవట్లేదని అర్థం. నీటి మట్టం ఆ అంచుకి అంగుళం కిందే ఆగాలి. ఫ్లోట్ పక్కనున్న స్క్రూ తిప్పితే మట్టం దిగుతుంది. పాతకాలం బంతి రకమైతే బంతిలోకి నీళ్ళు చేరాయేమో ఊపి చూడు, చేరితే బంతి మార్చడమే. మట్టం సరిగానే ఉండి రంగు దిగిందంటే అడుగున వాషర్ పోయినట్టు. దాన్ని ఖాయం చేసుకోవడానికి యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకి నీళ్ళొచ్చే గోడ కుళాయి, కట్టేసి, మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, తెల్లారి చూడు. గీత కిందికి దిగి ఉంటే వాషరే.

వాషర్ మార్చడం నీకేం కష్టం కాదు. యాంగిల్ కాక్ కుడివైపుకి తిప్పి కట్టెయ్యి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చెయ్యి. చాలా మోడళ్ళలో మధ్యలో ఉండే వాల్వ్‌ను ఎడమవైపుకి పావు చుట్టు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. దాని అడుగున గాజులా గుండ్రంగా ఉండే రబ్బరే వాషర్. మీది బోరు నీళ్ళు కదా, దాని మీద తెల్లగా, గరుకుగా ఉప్పు పేరుకుని ఉంటుంది. వేలితో తడిమితే అంచులో చిన్న గాడి తగులుతుంది, నీళ్ళు పోయేది అక్కడినుంచే. వాషర్ కూర్చునే గట్టు మీద కూడా ఉప్పు ఉంటుంది, వెనిగర్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడువు. బ్లేడుతో మాత్రం గీకకు, గట్టు మీద గీత పడిందంటే కొత్త వాషర్ వేసినా నీళ్ళు ఆగవు. పాత వాషర్‌ను హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్ళి పక్కపక్కన పెట్టి కొలిచి కొను, ఒక్కో కంపెనీది ఒక్కో సైజు. రెండు కొను. మీ బోరు నీళ్ళకి ఇంకోటి ఎప్పుడో ఒకప్పుడు కావాల్సి వస్తుంది. బ్లీచింగ్ టాబ్లెట్లు ట్యాంకులో వెయ్యడం ఇకమీదట మానెయ్యి, రబ్బరు త్వరగా చివికిపోతుంది. గోడ లోపల దాచిన ట్యాంకు అయితే ఫ్లష్ బటన్ల ప్లేటు ఊడదీస్తే లోపలున్నవన్నీ అందుతాయి, దానికీ గోడ పగలగొట్టాల్సిన పని లేదు.

ట్యాంకు లీకు నీళ్ళు మామూలుగా డ్రైనేజీలోకే పోతాయి, కింది వాళ్ళ సీలింగ్ తడవదు. కానీ కమోడ్ కింద జాయింటు వదులై ఉంటే, ఆ సన్నటి ధార రాత్రీ పగలూ జాయింటులోంచి ఊరుతూనే ఉంటుంది. అందుకే దీన్ని ముందు ఆపమంటున్నాను.

తర్వాత బయటి భాగాలు. యాంగిల్ కాక్, కనెక్షన్ పైపు రెండు చివర్లు, హెల్త్ ఫాసెట్ పైపు, అన్నీ పొడిగా తుడిచి ఒక్కోదానికి టిష్యూ చుట్టి గంట ఆగు. ఎక్కడ తడిస్తే అక్కడ వాషరో, టెఫ్లాన్ టేపో మారిస్తే సరిపోతుంది. కనెక్షన్ పైపు మీది స్టీలు అల్లిక తుప్పు పట్టి ఉంటే ఇంకేం చూడకు, కొత్తది వేయించు. హెల్త్ ఫాసెట్ వాడాక దాని కాక్ కట్టేసే అలవాటు చెయ్యి ఇంట్లో అందరికీ.

ఇదంతా అయ్యాక కింది వాళ్ళింటికి వెళ్ళి, చెమ్మ అంచు వెంబడి పెన్సిల్‌తో గీసి తారీఖు రాయి. చెమ్మ ఆరడానికి వారాలు పడుతుంది, కాబట్టి ఆరిందా లేదా అని కాదు, గీత దాటిందా లేదా అనే చూడాలి. మీకు ఇంకో బాత్రూమ్ ఉంది కదా, ఈ బాత్రూమ్‌కి వచ్చే మెయిన్ వాల్వ్ మూడు రోజులు కట్టెయ్యండి, కమోడ్‌కీ, స్నానానికీ మాత్రం ఇక్కడే బకెట్ నీళ్ళు వాడండి. చెమ్మ పెరగడం ఆగితే తప్పు నీళ్ళొచ్చే పైపులది. ఆగకపోతే ఇంకో మూడు రోజులు కమోడ్ అసలు వాడకండి. అప్పుడు ఆగితే కమోడ్ కింది జాయింటే. అదీ కాకపోతే స్నానం చేసే చోటు, నేల మీది నీళ్ళు పోయే నహాని ట్రాప్, పైఅంతస్తుల డ్రైనేజీ పైపు, ఇవన్నీ చూడాలి. అది నీ ఒక్కదాని ఖర్చు కాకపోవచ్చు, అసోసియేషన్ వాళ్ళని పిలిచి చూపించు.

జాయింటే అని తేలితే మాత్రం ప్లంబర్ కావాలి. కమోడ్ ఎత్తి జాయింటు సరిచేయించు. చుట్టూ వైట్ సిమెంట్ పూసి అయిపోయిందంటే ఒప్పుకోకు, నీళ్ళు బయటికి కనబడకుండా పోతాయే కానీ కిందికి ఊరడం ఆగదు. బిగించాక పది బకెట్లు పోయించి, అతన్ని కింది ఫ్లాట్‌కి తీసుకెళ్ళి చూపించాకే డబ్బులివ్వు.

కింది వాళ్ళకి ఏ రోజు ఏం చేస్తున్నావో చెప్తూ ఉండు. వాళ్ళింట్లో చంటిపాప ఉందన్నావు, ఆ చెమ్మలో వాళ్ళకీ ఇబ్బందే. రంగు పరీక్ష ఈ రాత్రే చేసి, పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి. వాషర్ దొరక్కపోతే ఫొటో పెట్టు, ఇక్కడి షాపులో నేను వెతికి కొరియర్ చేస్తాను.

ఇట్లు
పెదనాన్న