పెళ్లి చేసుకోని తండ్రికి బిడ్డను చూసే హక్కు ఉంటుందా?

మీది బొబ్బిలి, పెళ్లి చేసుకోకుండానే కలిసి ఉన్నారు, మూడేళ్ల పాపతో ఆమె పలాసలోని పుట్టింటికి వెళ్లిపోయింది, చూడనివ్వడం లేదు. మీకు హక్కు లేదా అని అడిగారు. చూడనివ్వమని కోర్టును అడగొచ్చు. మాది విజయనగరం. నాదీ ఇంచుమించు ఇదే కథ. కోర్టు ఆర్డరుతోనే నా కూతుర్ని కలుస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోండి. గుళ్లో తాళి కట్టి, రిజిస్టర్ చేయించలేదా? మన వైపు చాలామంది అది పెళ్లే కాదనుకుంటారు. ఆచారం ప్రకారం జరిగిన హిందూ పెళ్లి, రిజిస్టర్ కానంత మాత్రాన చెల్లకుండా పోదు. అప్పుడు మీ కేసే వేరు.

అసలు పెళ్లే జరగకపోతే, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం (మైనర్ పిల్లల సంరక్షణ చట్టం) సెక్షన్ 6 ప్రకారం గార్డియన్ తల్లే, ఆమె తర్వాతే తండ్రి. తల్లి తననే గార్డియన్‌గా నియమించమని కోర్టును అడిగితే, బిడ్డను పట్టించుకోని తండ్రికి నోటీసు కూడా అక్కర్లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పట్టించుకుంటున్నట్టు కనబడాలి. నెలనెలా ఖర్చులకు బ్యాంకు ద్వారానే పంపండి. చూడనిస్తేనే ఇస్తానని ఎప్పుడూ అనకండి. ఆ డబ్బు పాపది.

నా మాట వినండి, ఇప్పుడే కస్టడీ జోలికి పోకండి. ఆ మాట వింటే ఏ తల్లికైనా భయమే. కలవడానికి మాత్రం అడగండి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ పాప ఉంటున్న చోటే వేయాలి, అంటే శ్రీకాకుళం జిల్లాలో. కేసు తేలేలోపు కలిసే ఏర్పాటు, వీడియో కాల్ కూడా అడగొచ్చు. తండ్రివి కాదని ఆమె అంటే డీఎన్ఏ పరీక్ష కోరవచ్చు. బర్త్ సర్టిఫికెట్‌లో మీ పేరుంటే బలం.

మొదటిసారి కోర్టు కౌన్సెలర్ గదిలో మా పాప వాళ్లమ్మ కొంగు వదల్లేదు. పెద్ద బొమ్మ పట్టుకెళ్తే దానివైపు చూడనైనా లేదు. పిలవకుండా కింద కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చి నా జేబులో పెన్ను లాక్కుని, నా అరచేతి మీద గీతలు గీసింది. కౌన్సెలర్ అంతా చూస్తూనే ఉన్నారు. మీరూ తొందరపడి ఎత్తుకోకండి.

అంగన్‌వాడీ నుంచి ఎత్తుకొచ్చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ పని చేస్తే పాప హడలిపోతుంది, కోర్టులో మీ మాటకు విలువ పోతుంది.

లాయరు ఫీజు భారమైతే 15100కి ఫోన్ చేయండి. ఆదాయం పరిమితిలోపు ఉంటే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది.