మెయిల్, బ్రౌజింగ్‌కి కెమెరా కాదు, ర్యామ్ చూడండి

రిటైరైన మీ నాన్నగారికి మెయిల్ చూసుకోవడానికి, నెట్‌లో పేపర్ చదువుకోవడానికి 15 వేల లోపు ఫోన్ అడిగారు కదండీ. 108 మెగాపిక్సెల్ కెమెరా గురించి టెన్షన్ వద్దు, ఈ పనికి దానితో అవసరమే లేదు.

చూడాల్సింది ర్యామ్, అంటే తెరిచి ఉన్న యాప్‌లను, పేజీలను ఫోన్ పట్టి ఉంచుకునే మెమరీ. 4 జీబీ ఉంటే క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచి మెయిల్‌కి వెళ్లి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడవుతుంది. సగం రాసిన ఫారం పోతే ఎంత చిరాకో! 6 జీబీ తీసుకోండి. డబ్బాల మీద గొప్పగా వేసే 'వర్చువల్ ర్యామ్' అనేది ఫొటోలు, యాప్‌లు దాచుకునే స్టోరేజీలోంచి తీసుకున్న జాగా, అసలు ర్యామ్‌తో సమానం కాదు. స్టోరేజీ యూఎఫ్ఎస్ రకమైతే మంచిది, ఈఎంఎంసీ నెమ్మది.

రెండోది సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపాలను సరిచేస్తూ కంపెనీ పంపేవి. బ్యాంకు మెయిళ్లు వచ్చే ఫోన్‌కి ఇవి ముఖ్యం. 2025లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎం16 5జీ ఫోన్‌కి ఆరేళ్లు ఇస్తామని కంపెనీ చెప్పింది. దానిది 6.7 అంగుళాల అమోలెడ్ (రంగులు బాగా కనిపించే రకం) తెర, పెద్దది కాబట్టి పెద్దవాళ్లకు చదవడం హాయి. నేనైతే దాని 6 జీబీ మోడలే కొంటాను. ధర మాత్రం కొనే రోజు చూసుకోండి, ఆఫర్లను బట్టి మారుతుంది.

యాహూ మెయిల్ ఉన్నా వేరే యాప్ అక్కర్లేదు, జీమెయిల్ యాప్‌లోనే కలుపుకోవచ్చు. అక్షరాలు చిన్నగా అనిపిస్తే క్రోమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి పెంచేయండి.