పీటర్ కార్ట్‌రైట్ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికాలో మెథడిస్టు అనే క్రైస్తవ శాఖ బోధకుడు కార్ట్‌రైట్ మీద నువ్వు రాసిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. '1785లో వర్జీనియాలో జన్మించారు' అని మొదలుపెట్టి, వేలమందికి బాప్తిస్మమిచ్చిన మహనీయుడని ముగించావు. తప్పులేమీ పట్టుకోలేకపోయాను కానీ, మనిషి మాత్రం ఎక్కడా కనబడలేదు.

నేనూ ఇలా రాసినవాణ్ణే. ఓ రిటైర్డ్ మాస్టారి జీవితం రాస్తే, వాళ్లమ్మాయి చదివి "బాగుంది సార్, ఇందులో మా నాన్న ఎక్కడున్నారు?" అంది. నాకు నోట మాట రాలేదు.

నువ్వు మారియెట్టా దగ్గర మొదలుపెట్టు. ఒహాయో నది ఒడ్డున ఊరు. గుర్రం మీద ఊరూరూ తిరిగి బోధించే ఆ కుర్రాడు ఇల్లు వదిలి మూడేళ్లయింది. ఇల్లేమో 500 మైళ్ల దూరం. గుర్రానికి చూపు పోయింది. జీను అరిగిపోయింది. బట్టలకు అతుకు మీద అతుకు, అసలు గుడ్డ ఏదో తెలియనంతగా. జేబులో 75 సెంట్లు. పెళ్లికాని మెథడిస్టు బోధకుడికి అప్పట్లో ఏడాదికి కట్టిన భత్యం 80 డాలర్లు, అదీ జనం ఇస్తేనే. గుర్రం సంగతీ బట్టల సంగతీ ఆయనే ఆత్మకథలో వరసపెట్టి చెప్పుకుంటే, నువ్వు 'అనేక కష్టాలు పడ్డారు' అని తేల్చేశావు!

అయితే ఆ ఆత్మకథతో కాస్త జాగ్రత్త. 1856లో, డెబ్బై దాటాక వచ్చిన పుస్తకం. పెద్దాయన మహా కథకుడు. అల్లరిమూకలు ఎదురైతే గెలుపు దాదాపు ఎప్పుడూ ఆయనదే. ప్రసంగం మధ్యలో ఆ చర్చి పాస్టరు "జనరల్ జాక్సన్ వచ్చారు" అని (తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సనే) చెవిలో చెబితే, జాక్సన్ అయితే ఏంటని కార్ట్‌రైట్ అందరికీ వినబడేలా అన్నాడట. ఆ 'ట' మాత్రం వదలకు. చెప్పింది ఆయనే కదా.

బానిసత్వం గిట్టక 1824లో ఇల్లినాయ్ వెళ్లిపోయిన పేరా బాగుంది, ముట్టుకోకు.

ఆయన చెప్పకుండా దాటేసినవి కూడా చూడాలి. 1846లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు నిలబడి, అబ్రహాం లింకన్ చేతిలో 1,511 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పుస్తకంలో ఆ ఊసే లేదు. ఆయన మొహమాటపడ్డాడు సరే, నీకెందుకు?

పుస్తకం వచ్చిన మూడేళ్లకు, 1859లో, స్ప్రింగ్‌ఫీల్డ్ కోర్టు. హత్య కేసులో ముద్దాయి ఈయన మనవడు హారిసన్. అతని తరఫు లాయరు లింకన్. బోనులో సాక్షిగా ఈయన. కత్తిపోటు తిన్న క్రాఫ్టన్ చనిపోయే ముందు, ఇది తాను తెచ్చుకున్నదేననీ, హారిసన్‌ను క్షమించాననీ తనతో అన్నాడని చెప్పాడు. జ్యూరీ కుర్రాణ్ణి వదిలేసింది. పాత ప్రత్యర్థులు ఒకటయ్యారంటూ దీన్ని సినిమా చేయకు. లాయరు అడిగాడు, పాదిరిగారు చెప్పారు, అంతే రాయి. ఆ సాక్షి ముద్దాయికి తాత అన్న సంగతి మాత్రం చదివేవాళ్లు మర్చిపోకుండా చూడు.

ఈసారి ప్రింటు తీసి పంపు. ఫోన్లో చదివితే కళ్లు లాగుతున్నాయి.

ఉంటాను.