ఎన్నారై సందేహాలు: షార్జాలో ఉద్యోగం పోయిన గుణుపూర్ తమ్ముడికి

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపూర్. షార్జా వచ్చి ఏడాదిన్నర అయింది. ఈ ఏడాది ఏదీ కలిసిరాలేదు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తూ నన్నూ తీసేశారు. కొన్నాళ్లు అన్నీ పక్కనపెట్టి, ఒంటరిగా ఎక్కడికైనా వెళ్లి, నన్ను నేను తెలుసుకోవాలని ఉంది. మీరేమంటారు అన్నా?

జవాబు: తమ్ముడూ, ఆ టికెట్‌కి డబ్బులు ఎవరిస్తున్నారు? నవ్వకు, ముందు దీనికి జవాబు చెప్పు.

మాదీ ఒడిశానే, పర్లాకిమిడి. దుబాయ్‌లో కుదురుకుని, పిల్లల్ని ఇక్కడే చదివించుకుంటున్నవాణ్ని. కాస్త పెద్దరికం చూపిస్తే ఏమనుకోకు.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇక్కడ 2023 నుంచి నిరుద్యోగ బీమా తప్పనిసరి. ఏడాదిపాటు కట్టి ఉండి, కంపెనీయే తీసేస్తే, బేసిక్ జీతంలో 60 శాతం చొప్పున మూడు నెలల దాకా వస్తుంది. పని పోయిన 30 రోజుల్లోపు క్లెయిమ్ వేయాలి, అది మర్చిపోకు. ఏడాది నిండింది కాబట్టి గ్రాట్యుటీ కూడా అడుగు. వీసా గడువులు మారుతూ ఉంటాయి, యాప్‌లో చూసుకో, నన్నడక్కు.

నాకు అలాంటి ఏడాది 2018. జనవరిలో 5 శాతం వ్యాట్ మొదలైంది. ఎండలు ముదిరేసరికి మా కంపెనీలో జీతాలు ఆగిపోవడం మొదలైంది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. మా వీధిలో నేను దుబాయ్ వాణ్ని కదా! పాతపట్నం నుంచి బావ ఫోన్ చేసి బండికి కొంచెం సర్దమంటే సర్దాను. రూములో శ్రీకాకుళం కుర్రాళ్లు శుక్రవారం బిర్యానీకి బయల్దేరితే బిల్లు నేనే తీసేవాణ్ని. మన సంగతి నీకు తెలియనిదేముంది? ఒడియా వాళ్లకు తెలుగోళ్లం, తెలుగువాళ్లకు ఒడిశా వాళ్లం. జేబులోంచి తీస్తేనే పక్కన కూర్చోనిస్తారని నాకు గట్టి నమ్మకం.

అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా వంటింటి రేకులు ఎగిరిపోయాయి, కొబ్బరిచెట్టు పశువులశాల మీద పడింది. అదే నెలలో డాలరు 74 రూపాయలు దాటి, దిర్హామ్ 20 పలికింది. డాలరుకు 3.6725 దిర్హాములని ఇక్కడ ఎప్పుడో కట్టేశారు. కాబట్టి అక్కడ రూపాయి జారిందంటే ఇక్కడ ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ బయట క్యూ పెరుగుతుంది. ఆ క్యూలో చాలామంది చేతిలో ఉండేది జీతం కాదు, అప్పు. నాదీ అప్పే. క్రెడిట్ కార్డు మీద తీసి పంపాను. రేటు కలిసొచ్చిందని మురిసిపోయాను. కార్డు వడ్డీ ఎంతో చూసుకుంటే ఆ మురిపెం గంటసేపు కూడా ఉండేది కాదు. నాన్న ఆ డబ్బుతో వంటిల్లు కప్పించి ఊరుకోలేదు, పైన ఇంకో గది మొదలుపెట్టించారు. ఆయన్ననడానికి ఏముంది? అడిగినప్పుడల్లా కొడుకు పంపుతున్నాడు.

బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాక గ్రోసరీలో ఒక నోట్‌బుక్ కొన్నాను. ఒడియా మీడియంలో చదివినవాణ్ని, లెక్కలు ఒడియా అంకెల్లోనే వేస్తాను. రూమ్మేట్లు తొంగిచూసినా అర్థం కాదు, అదో లాభం. అద్దె, మెస్, ఇంటికి, ఇతరాలు అని గళ్లు గీశాను. నెల తిరిగేసరికి అద్దెకన్నా ఇతరాలే ఎక్కువ తేలాయి. ఆ గడిని విడదీసి రాస్తే బిర్యానీ బిల్లులు, ఎవరి పుట్టినరోజుకో కేకు, మేనత్త కొడుక్కి ఫోను, ఊరెళ్లేవాడికి ఎయిర్‌పోర్టు దాకా టాక్సీ. కాలికి చెప్పులు తెగితే కుట్టించుకుని తిరుగుతున్నాను గానీ కేకు మాత్రం పెద్దదే తెచ్చాను. చేయి పెద్దదని నన్ను నేను మెచ్చుకునేవాణ్ని. 'లేవు' అని చెప్పడానికి భయపడే మనిషినని ఆ పేజీ చూశాకే తెలిసింది.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి జీతం రావట్లేదని చెప్పేశాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత "పై గది ఆపించేస్తాన్లే. నీకేమైనా పంపమంటావా?" అన్నారు.

బిర్యానీ మానేశాక ఒకరిద్దరు ముఖం చాటేశారు. మిగతావాళ్లం కలిసి వండుకున్నాం, కుబ్బూస్ రొట్టెలో పప్పు నంజుకున్న రోజులూ ఉన్నాయి. శుక్రవారాలు ఖాళీ దొరకడంతో, లేబర్ క్యాంపులో గంజాం నుంచి వచ్చిన కూలీలకు ఫారాలు నింపిపెట్టేవాణ్ని. అటు వాళ్లతో ఒడియా, ఇటు సోంపేట మేస్త్రీలతో తెలుగు, పైవాళ్లతో హిందీ. అది చూసిన సైట్ ఇంజనీరు తర్వాత వేరే కంపెనీకి మారుతూ, కూలీల హాజరు రాసే టైమ్‌కీపర్‌గా నన్నూ తీసుకెళ్లాడు. ఆ మూడు భాషలూ నీకూ వచ్చు. నీ బయోడేటాలో రాశావా? రాసి ఉండవు. అందరూ కంప్యూటర్ కోర్సులే రాస్తారు.

సంబంధం తప్పిపోయిన దాని గురించి ఏమీ అనలేదేమంటావేమో. బాధే, కాదనను. కానీ పెళ్లికని దాచింది ఉంటుంది కదా, అది ఎక్కడుంది? ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో, అంటే ఎన్నారైలు బయటి సంపాదన దాచుకునే ఖాతాలో వేస్తే, వడ్డీ మీద మన దేశంలో పన్ను లేదు. ఊళ్లో పాత సేవింగ్స్ ఖాతా అలాగే వదిలేశావా, ఎన్నారైల మామూలు ఖాతా అయిన ఎన్‌ఆర్‌ఓగా మార్పించావా? మీ వయసు పిల్లలు ఇది చెప్పేదాకా చెయ్యరు. ఆ డబ్బు ముట్టుకుని మాత్రం ప్రయాణాలు పెట్టుకోకు. తిరగాలనిపిస్తే సాయంత్రం ఖాలిద్ లగూన్ చుట్టూ తిరుగు, పైసా అడగరు.

ఈ నెల ఖర్చులు రాసి నాకు ఫోటో పంపు. ఒడియాలో రాసినా ఫర్వాలేదు, దిద్దుతాను. ఇతరాలు మాత్రం విడదీసి రాయి.