'మీద' అన్న చోటల్లా 'ఆన్' రాదు: ఇంగ్లీషు సందేహాలకు జవాబులు

ప్రశ్న: పెరంబూరులో మా ఇంటి వసారాలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. వారిలో కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, కొందరు తమిళం మాట్లాడేవారు. ప్రిపొజిషన్లు నేర్పడానికి 'లో అంటే ఇన్, మీద అంటే ఆన్, దగ్గర అంటే ఎట్' అని ఒక పట్టిక రాయించి బట్టీ పట్టించాను. పట్టిక అడిగితే తడుముకోకుండా అప్పజెబుతారు. వాక్యం రాయమంటే మాత్రం 'హి ఈజ్ టాకింగ్ ఇన్ ఫోన్' అని రాస్తున్నారు. లోపం ఎక్కడుంది? ఎలా నేర్పితే బాగుంటుంది?
- ఒక ట్యూషన్ టీచరు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, పిల్లల లోపం ఏమీ లేదు. మీరిచ్చిన పట్టికను వాళ్ళు తు.చ. తప్పకుండా పాటించారు. ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, 'లో' అంటే 'ఇన్', కాబట్టి 'ఇన్ ఫోన్'. ఆ తర్కంలో తప్పు పట్టడానికి ఏముంది? తప్పంతా పట్టికలోనే ఉంది. నేను కూడా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో అదే పట్టికను నల్లబల్ల మీద రాసి, పిల్లలు పదే పదే అదే తప్పు చేస్తుంటే వాళ్ళ మీద విసుక్కున్న మనిషిని. ఆ విసుగుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

మన 'లో' ఎన్ని పనులు చేస్తుందో ఒక్కసారి చూడండి. పేపర్లో వార్త వచ్చిందంటే 'ఇన్ ది పేపర్', అదే వార్త టీవీలో వస్తే 'ఆన్ టీవీ', పెళ్ళిలో కలిశామంటే 'ఎట్ ది వెడ్డింగ్', బస్సులో వచ్చామంటే 'బై బస్'. మనకు ఒక్క 'లో' ఉన్న చోట ఇంగ్లీషువారికి నాలుగు మాటలున్నాయి. మీ దగ్గర చదివే తమిళ పిల్లలదీ ఇదే ఇబ్బంది. వాళ్ళు ఇంట్లో 'ఫోన్ల', 'బస్ల', 'టీవీల' అంటారు గనుక ఆ 'ల' వాళ్ళను నేరుగా 'ఇన్' దగ్గరికే తీసుకుపోతుంది. అందువల్ల ఈ పాఠాన్ని ఇద్దరికీ కలిపే చెప్పవచ్చు, వేరు చేయనక్కరలేదు.

ఒక ప్రత్యయానికి ఒకే అర్థమన్న లెక్క మన వ్యాకరణంలోనే నిలవదు. ఈ చెన్నపట్టణంలోనే పాఠాలు చెప్పిన చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో 'లోన్' అన్నది షష్ఠీ విభక్తిలో, 'కిన్, కున్, యొక్క'ల పక్కన కనబడుతుంది. చోటు చెప్పే సప్తమిలో 'అందున్, నన్' మాత్రమే ఉంటాయి. మన ప్రత్యయాలనే అర్థాల వారీగా గళ్ళలో సర్దడం ఇంత కష్టమైనప్పుడు, వాటిని పరాయి భాష మాటలతో ఒకటికొకటి జత కలపబోతే పొసగకపోవడంలో వింత లేదు.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది 'మీద'. దానిని నేను ఒక స్టీలు గ్లాసుతో, ఒక బొట్టుబిళ్ళతో చెబుతాను. గ్లాసును బల్ల మీద పెట్టి, 'గ్లాసు ఎక్కడుంది?' అని అడిగితే 'ఆన్ ది టేబుల్' అని అందరూ సరిగ్గానే చెబుతారు. తర్వాత ఒక పిల్ల నుదుటి మీది బొట్టుబిళ్ళను అడిగి తీసుకుని గ్లాసు పక్క భాగాన అంటిస్తాను. తెలుగులో 'గ్లాసుకు' అంటారు, ఇంగ్లీషులోకి రాగానే కొందరు 'టు ది గ్లాస్' అంటారు. ఆ తర్వాత బిళ్ళను ఊడదీసి గ్లాసు అడుగున, బయటివైపు అంటించి, గ్లాసును పైకెత్తి చూపిస్తాను. అప్పుడు తరగతి మొత్తం 'అండర్' అని అరుస్తుంది. నేను ఒప్పుకోను. పక్కన ఉన్నా, అడుగున ఉన్నా, బిళ్ళ గ్లాసును అంటుకునే ఉంది, అందుచేత అది 'ఆన్ ది గ్లాస్'. చివరికి బిళ్ళను వేలికొనకు అంటించుకుని గ్లాసుకు జానెడు ఎత్తున పట్టుకుని, బిళ్ళ ఇప్పుడు గ్లాసుకు ఎక్కడుందని అడుగుతాను. తెలుగులో నిస్సందేహంగా గ్లాసు మీదే ఉంది, కాని ఇంగ్లీషులో 'ఆన్' కుదరదు, 'ఓవర్' లేక 'అబవ్' అనాలి. మన 'మీద' ఎక్కువగా పైన ఉండడాన్ని చూస్తుంది, ఇంగ్లీషు 'ఆన్' అంటుకుని ఉండడాన్ని చూస్తుంది. ఈ ఒక్క భేదం కంటికి ఆనితే, ఇంటి కప్పుకు తలకిందులుగా అతుక్కున్న బల్లి 'ఆన్ ది సీలింగ్' ఎందుకయిందో, మన నెత్తి మీదుగా మీనంబాక్కం విమానాశ్రయం వైపు వెళ్ళే విమానం 'ఆన్' ఎందుకు కాలేదో పిల్లలే చెబుతారు. ఆ సమాధానం వాళ్ళ నోట వచ్చేదాకా మీరు చెప్పకండి.

చెట్టు సంగతి ఇంకా ముచ్చటైనది. కోతి 'ఇన్ ది ట్రీ', మామిడికాయలు 'ఆన్ ది ట్రీ' అనగానే ఇదేం పద్ధతి అని పిల్లలు అడుగుతారు. అప్పుడు వాళ్ళ చేత తెలుగులో అనిపించండి. కోతి చెట్టు మీద ఉంది, కాయలు చెట్టుకు ఉన్నాయి. ఎక్కడి నుంచో వచ్చి కొమ్మల మధ్య కూర్చున్న ప్రాణి వేరు, తొడిమతో చెట్టును పట్టుకుని ఉన్న కాయ వేరు అన్న భేదాన్ని మన భాష కూడా పాటిస్తోంది. పిల్లలు ఆ తేడాను మాటలు నేర్చిన నాటి నుంచీ పొరపాటు లేకుండా వాడుతున్నారు. కొత్త భాష తమను విచిత్రమైన పని చేయమనడం లేదని తెలిసినప్పుడు వాళ్ళ ముఖాలలో కనిపించే నెమ్మది కోసమైనా ఈ ఉదాహరణను వదలవద్దు.

ఇక బస్సులు, ఆటోలు. లేచి నిలబడి నడవడానికి వీలున్న బస్సుకు, రైలుకు, విమానానికి 'ఆన్' వాడతారు. వంగి దూరి కూర్చోవలసిన కారుకు, ఆటోకు 'ఇన్' వాడతారు. పైకెక్కి కూర్చునే సైకిలుకు, మోటారు సైకిలుకు మళ్ళీ 'ఆన్'. 'ఇన్ ది బస్' అన్నది కూడా తప్పు కాదని, బస్సు లోపలి భాగం అని నొక్కి చెప్పేటప్పుడు అలా అంటారని తెలుసుకుని ఉండండి. ఎవరైనా పిల్లవాడు అలా రాస్తే ఎర్రసిరా పెట్టవద్దు. కాలం చెప్పేవి మాత్రం అంత శ్రమ పెట్టవు. గడియారానికి 'ఎట్', సోమవారం వంటి రోజుకు, తేదీకి 'ఆన్', నెలకు, సంవత్సరానికి 'ఇన్' అని చెప్పి, 'ఎట్ నైట్', 'ఇన్ ది మార్నింగ్' అన్న రెండింటినీ ఉన్నవి ఉన్నట్టుగా అలవాటు చేయిస్తే చాలు.

పట్టిక స్థానంలో నోటుబుక్కులో ఏం రాయించాలని మీరు అడగవచ్చు. విడి మాట రాయించకండి. 'ఆన్ ది ఫోన్', 'ఆన్ ది వాల్', 'వెయిట్ ఫర్ ది బస్', 'అఫ్రైడ్ ఆఫ్ డాగ్స్' అని ముక్కలు ముక్కలుగా, పక్క మాటతో కలిపి రాయించండి. పక్కనే తెలుగు ముక్కను కూడా పూర్తిగా, 'కుక్కలంటే భయం', 'బస్సు కోసం చూడడం' అని రాయించండి. వారానికి పది చాలు. ఇరవై ఇస్తే మళ్ళీ బట్టీలో పడతారు.

ప్రశ్న: షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మాది ఒంగోలు. తెలుగు మీడియంలో చదువుకున్నాను. 'ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ ప్రాజెక్ట్ సిన్స్ టూ ఇయర్స్' అని మెయిల్‌లో రాస్తే మా పైఅధికారి అందరి ముందు సరిదిద్దారు. మరో రోజు 'సెండ్ ది రిపోర్ట్ అంటిల్ ఫ్రైడే' అని రాసినందుకు గందరగోళం జరిగింది. ఈ రెండూ ఎప్పటికీ గుర్తుండేలా చెప్పగలరా?
- ఒక పాఠకుడు

జవాబు: అందరి ముందు సరిదిద్దడం వల్ల మీ మనసు నొచ్చుకుని ఉంటుంది. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. అయితే ఆ వాక్యం మీరు తెలుగులో ఎలా అనుకుని ఉంటారో చూద్దాం. 'రెండేళ్ళ నుంచి ఈ ప్రాజెక్టులో పనిచేస్తున్నాను.' ఇందులో 'నుంచి' మిమ్మల్ని 'సిన్స్' దగ్గరికి, 'పనిచేస్తున్నాను' అన్న వర్తమానం 'ఐ యామ్ వర్కింగ్' దగ్గరికి తీసుకుపోయాయి. తెలుగు ఒక్క వాక్యంలో రెండు వైపుల నుంచీ లాగింది.

దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. అదే వాక్యాన్ని మనం 'రెండేళ్ళుగా పనిచేస్తున్నాను' అని కూడా అంటాం. '2023 నుంచి' అంటాం గాని '2023గా' అని ఎవ్వరం అనం. అంటే 'గా' గడిచిన నిడివికే అతుకుతుంది, మొదలైన క్షణానికి అతకదు. ఇంగ్లీషు 'ఫర్' స్వభావం సరిగ్గా అదే. కాబట్టి రాసే ముందు మనసులో 'గా' పెట్టి చూసుకోండి. కుదిరితే 'ఫర్', కుదరకపోతే 'సిన్స్'. రెండేళ్ళుగా, మూడు నెలలుగా, గంటగా అన్నవి కుదురుతాయి, అవన్నీ 'ఫర్'. సోమవారంగా, జూన్‌గా అన్నవి కుదరవు, అవన్నీ 'సిన్స్'. మీ ఆఫీసులోని తమిళ మిత్రులు కూడా ఇదే భేదాన్ని 'రెండు వరుషమా' అని ఒక తీరుగా, 'సోమవారం నుంచి' అనవలసి వస్తే ఇంకో తీరుగా పాటిస్తారు, గమనించండి. క్రియ మాత్రం రెండు సందర్భాలలోనూ 'ఐ హావ్ బీన్ వర్కింగ్' అనే రావాలి. ప్రాజెక్టుకు 'ఇన్' కంటే 'ఆన్' బాగుంటుంది. మీ వాక్యం 'ఐ హావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ ఫర్ టూ ఇయర్స్' అవుతుంది.

రెండవదానికి 'కల్లా', 'దాకా' అన్న మాటలు మీకు తోడుంటాయి. శుక్రవారం కల్లా పంపండి అంటే 'బై ఫ్రైడే', శుక్రవారం దాకా ఆగండి అంటే 'అంటిల్ ఫ్రైడే'. మనలో కొందరు మాటల్లో ఈ రెండింటికీ 'వరకు' అనే వాడడం వల్ల ఈ పొరపాటు వస్తుంది. మీ మెయిల్ చదివినవారికి శుక్రవారం దాకా రోజూ రిపోర్టు పంపుతూనే ఉండాలేమో అనిపించి ఉంటుంది. ఈ సందర్భంలోనే ఇంకొక్క మాట. 'రెండు గంటల తర్వాత ఫోన్ చేస్తాను' అనడానికి మనవాళ్ళు 'ఆఫ్టర్ టూ అవర్స్' అంటారు. ఇప్పటి నుంచి లెక్కించేటప్పుడు 'ఇన్ టూ అవర్స్' అనడం ఇంగ్లీషు వాడుక. రెండు గంటల లోపు ఎప్పుడైనా అని చెప్పదలిస్తే 'విదిన్' వాడండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదవ తరగతి. 'వీ డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్' అని రాస్తే టీచరు 'అబౌట్' కొట్టేశారు. కింద పేరాలో 'ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్' అని రాస్తే టిక్కు పెట్టారు. అమ్మాయి అడిగితే నేను చెప్పలేకపోయాను.
- ఒక తల్లి, టి.నగర్

జవాబు: టీచరుగారు రెండు చోట్లా సరిగ్గానే దిద్దారమ్మా. 'డిస్కస్' అన్న క్రియ తన కర్మను నేరుగా పట్టుకుంటుంది, మధ్యలో మరో మాటను రానివ్వదు. అదే నామవాచకమై 'డిస్కషన్' అయితే కర్మను పట్టుకునే శక్తి పోతుంది, అప్పుడు 'అబౌట్' ఆసరా కావాలి. మనం 'సమస్య గురించి చర్చించాం' అన్నా, 'సమస్య గురించి చర్చ' అన్నా 'గురించి' ఉంటుంది గనుక ఈ తేడా మనకు తోచదు. ఇదే కుటుంబానికి చెందినవి మరికొన్ని ఉన్నాయి. గదిలోకి ప్రవేశించాడంటే 'ఎంటర్డ్ ది రూమ్', ప్రవేశం అంటే 'ఎంట్రీ ఇన్‌టు ది రూమ్'. సహాయం కోరాడంటే 'రిక్వెస్టెడ్ హెల్ప్', కోరిక అంటే 'ఎ రిక్వెస్ట్ ఫర్ హెల్ప్'. ప్రశ్నకు జవాబు చెప్పు అంటే 'ఆన్సర్ ది క్వశ్చన్', ప్రశ్నకు జవాబు అంటే 'ది ఆన్సర్ టు ది క్వశ్చన్'. అమ్మాయి చేత ఇలా జంటలుగా ఒక పుటలో రాయించండి. క్రియ ఒక వైపు, నామవాచకం ఒక వైపు ఉంటే కన్నే గుర్తుపెట్టుకుంటుంది.

ఇందుకు ఎదురు నడిచేవి కూడా ఉన్నాయని చెప్పి ఉంచండి. 'పాట విను' అన్నప్పుడు తెలుగులో ఏ ప్రత్యయమూ కనబడదు, కాని ఇంగ్లీషులో 'లిసన్ టు ది సాంగ్' అని 'టు' ఉండి తీరాలి. 'నాకు చెప్పాడు' అన్న ఒక్క మాటకు 'టోల్డ్ మీ' అంటే 'టు' రాదు, 'సెడ్ టు మీ' అంటే 'టు' వస్తుంది. 'అతనితో పెళ్ళయింది' అన్నప్పుడు 'విత్' అనిపిస్తుంది గాని 'మ్యారీడ్ టు హిమ్' అనాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మనవడు సెలవులకు వచ్చి 'ఆన్ ది వీకెండ్' అంటున్నాడు. నేను చదువుకున్నది 'ఎట్ ది వీకెండ్'. తాతా, నువ్వన్నది తప్పు అని వాడు, కాదని నేను. ఎవరు ఒప్పు?
- ఒక పెద్దాయన, అణ్ణానగర్

జవాబు: అయ్యా, ఇద్దరిదీ ఒప్పే. మీది బ్రిటిషు వాడుక, మనవడిది అమెరికా వాడుక. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఫారం పూర్తి చేయడాన్ని బ్రిటన్‌లో ఎక్కువగా 'ఫిల్ ఇన్' అని, అమెరికాలో 'ఫిల్ అవుట్' అని అంటారు. సోమవారం మొదలుకొని శుక్రవారం దాకా అనడానికి మనవడు 'మండే త్రూ ఫ్రైడే' అంటాడు, మీరు 'మండే టు ఫ్రైడే' అంటారు. బడిలో పరీక్ష రాసేటప్పుడు మాత్రం అక్కడి పాఠ్యపుస్తకం ఏ వాడుకను అనుసరిస్తే దాన్నే మొదటి నుంచి చివరిదాకా వాడమని చెప్పండి. ఒకే వ్యాసంలో రెండూ కలిపి రాస్తే మార్కులు తగ్గవచ్చు. ఇంట్లో మీతో మాట్లాడేటప్పుడు వాడి 'ఆన్' వాడిది, మీ 'ఎట్' మీది.