పంపు జోలికి పోకు కొడుకా

కొడుకా,

పాత ట్రాక్టర్ కొన్నావని, ఈ వానాకాలం కిరాయి దున్నకాలు కూడా పడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమైంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. లోడు పడగానే బండి గుంజడం లేదట, నల్ల పొగ కక్కుతోందట, నువ్వు ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపు విప్పిస్తానంటున్నావట. ఆగరా.

మీ బాపు పెళ్లికి ముందు సంగతి ఇది. అప్పుడు కల్లంలో వరి పరిచి ట్రాక్టర్‌తో తొక్కించేవాళ్లం. ఆ దుమ్మంతా పీల్చిన బండి, వడ్ల లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు పోతూ చిన్న ఎత్తు కూడా ఎక్కలేకపోయింది. ఒక మిస్త్రీ వచ్చి, చూసీ చూడకుండానే పంపు సీలు తెంపి, స్క్రూ తిప్పి డీజిల్ పెంచాడు. రెండు రోజులు మంచిగనే గుంజింది. మీ బాపు మీసం తిప్పాడు. గాలే అందని ఇంజన్‌కు డీజిల్ ఎక్కువ పోస్తే అది సరిగా కాలుతుందా? పొగ ఇంకా నల్లబడింది, మూడో లోడుకు నీళ్లు మసిలి హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్ విప్పాకే ఎయిర్ క్లీనర్ గిన్నె, అదే ఇంజన్‌కు పోయే గాలిలో దుమ్ము పట్టే ఆయిల్ గిన్నె, చూశారు. ఆయిల్ జాడ లేదు, అడుగున గట్టిపడ్డ మడ్డి, జాలీ నిండా వడ్ల నూగు. లీటరు డీజిల్‌తో కడిగితే అయిపోయే పని! ఆ ఏటి పత్తి పైసలన్నీ ఇంజన్‌కే పోయినయ్. ఇప్పటికీ ఆ మాటెత్తితే బీడీ ముట్టించి బయటికి పోతాడు. నేను రాశానని చెప్పకు.

అందుకే ముందు ఆ గిన్నె విప్పి కడుగు. ఆయిల్ గీత దాకానే పొయ్యి. తర్వాత డీజిల్ ఫిల్టర్లు మార్చి, డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయి. అరగంట మంచిగ నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత తిప్పి చూడు. సుయ్‌మని గాలి పీల్చుకుందంటే మూతకున్న సన్న బెజ్జం పూడుకుపోయినట్టే, సూదితో పొడువు. బండి వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నోజిళ్లు టెస్టింగ్‌కు ఇవ్వు. నీలి పొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. నోజిల్ పైపులోంచి డీజిల్ బయటికి చిమ్ముతుంటే వేలు అడ్డం పెట్టకు, ఆ ప్రెషర్‌కు తోలు చీల్చుకొని లోపలికి పోతుంది.

ఇదంతా అయ్యేదాకా కేజ్ వీల్స్, అదే బురదకు వేసే ఇనుప చక్రాలు, వేసి కరిగెట్లోకి దిగితే నా మీద ఒట్టే. దమ్ము లేని బండి బురదలో దిగబడితే ఎవడైనా రేస్ పెంచి క్లచ్ టక్కున వదులుతాడు. వెనక చక్రాలు కదలవు, ముందుభాగం లేచి మీద పడుతుంది, దూకే సందు కూడా దొరకదు. చక్రాలకు దుంగ కట్టి ముందుకు తీసే మొండి పని అసలే చెయ్యకు. రివర్స్‌లో వెనక్కి రా, రాకుంటే ఇంకో బండిని పిలువు. కిరాయి పోతే పోనీ. మీ అమ్మకు నువ్వొక్కడివే బిడ్డా.

బెల్టు, బ్యాటరీ, రేడియేటర్ నీళ్లు నీకు తెలిసినవే.

గిన్నె విప్పగానే, కడగకముందే, ఒక ఫోటో తీసి పంపు.

మీ పెద్దబాపు